ఇన్‌డిజైన్‌లో తెలుగు వత్తులు విడిపోతే: నా అనుభవం

ద్వారకానగర్‌లోని బట్టల దుకాణానికి కరపత్రం వేస్తున్నాం. పేజీలు కూర్చే అడోబి సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో అతికించగానే ‘వస్త్రాలయం’ కాస్తా ‘వస్‌త్‌రాలయం’ అయింది. ఫాంట్లు మార్చాను, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాను, ఆ పదాన్ని బొమ్మగా కూడా అతికించాను (సిగ్గుపడాల్సిన పనే).

చివరికి ఫలించింది ఇది. ముందు తెలుగు పాఠమంతా ఎంచుకున్నాను. పేరాగ్రాఫ్ ప్యానెల్ కుడి మూలనున్న చిన్న గీతల గుర్తు నొక్కి, జాబితాలో ‘అడోబి వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ను ఎంచుకున్నాను. ‘త’ వత్తు, క్రావడి కళ్లెదుటే ‘సా’ను చేరి కుదురుకున్నాయి! కొత్త పేరాల్లో మళ్లీ చెదరకుండా, పేరాగ్రాఫ్ స్టైల్‌లోని ‘జస్టిఫికేషన్’లోనూ కంపోజర్ మార్చాను.

మేం వాడినది ‘మండలి’ అనే యూనికోడ్ ఫాంటు. యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో కూర్చిన ఫైళ్లకు ఈ చిట్కా పనికిరాదు. మిగతా ఫాంట్లన్నిటితో నేను సరిచూడలేదు.