సొంత లాగ్ రికార్డు, సొంత రికవరీ – నాలుగో పాఠం: ఫైలు పేరు మార్పు

గత మూడు పాఠాల్లో బర్క్‌లీ డీబీ (అప్లికేషన్‌లోనే కలిపి వాడే డేటాబేసు లైబ్రరీ) ఎన్విరాన్‌మెంట్ (డేటాబేసులు, లాగ్, లాకులు కలిసి ఉండే చోటు) తెరవడం, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి కమిట్ (ఖాయం) లేదా అబార్ట్ (రద్దు) చేయడం, చెక్‌పాయింట్ వేయడం నేర్చుకున్నాం. అప్పుడు మనం మార్చినవన్నీ డేటాబేసు లోపలివే. అందుకే మధ్యలో ప్రోగ్రాం కూలినా లైబ్రరీ ప్రతి మార్పునూ ముందే రాసి పెట్టుకున్న లాగ్ చదివి తనంతట తానే అన్నీ సర్దుకుంది, దీన్నే రికవరీ అంటారు. ఈసారి డేటాబేసుకు బయట, డిస్కు మీద విడిగా ఉన్న ఫైలును కూడా అదే ట్రాన్సాక్షన్‌లోకి తెద్దాం.

ఉదాహరణకు, పాత పుస్తకాల స్కాన్లు భద్రపరిచే అప్లికేషన్ ఒకటి అనుకోండి. స్కానర్ నుంచి వచ్చిన ఫైలు ముందు ‘రాక’ అనే ఫోల్డరులో పడుతుంది. పరిశీలించినవారు సరే అన్నాక పేరు మార్చి దాన్ని ‘భాండారం’ ఫోల్డరులోకి చేరుస్తాం, డేటాబేసులో ఆ పుస్తకం రికార్డును ‘ఆమోదం’ అని దిద్దుతాం. జరిగితే రెండూ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు. రికార్డు దిద్దడాన్ని వెనక్కి తీసుకోవడం బర్క్‌లీ డీబీకి తెలుసు. ఫైలు పేరు మార్పు సంగతి దానికి అసలు తెలియదు. ఆ పని మనమే నేర్పాలి.

నేర్పే ముందు, ఇది లేకుండా గడుస్తుందేమో చూసుకోండి. చాలా అప్లికేషన్లకు గడుస్తుంది. ఫైలును మొదటే ఎవరికీ లేని పేరుతో దాని శాశ్వత స్థానంలో రాసి, ఎఫ్‌సింక్ చేసి (మెమరీలో ఉన్నది డిస్కుకు చేరేలా చేసి), ఆ తర్వాతే ఆ పేరును డేటాబేసులో చేర్చి కమిట్ చేస్తే సొంత రికవరీ అక్కర్లేదు. మధ్యలో కూలితే మిగిలేది ఏ రికార్డూ చూపించని అనాథ ఫైలు మాత్రమే, దాన్ని రాత్రిపూట నడిచే స్క్రిప్టు ఏరేస్తుంది. ఫైలు పేరునూ స్థానాన్నీ చూసి పనిచేసే వేరే ప్రోగ్రాములు ఉన్నప్పుడే, అంటే పేరు మార్పే అసలు పని అయినప్పుడే, కిందిదంతా అవసరం.

మొదట లాగ్ రికార్డు. పేరు మార్పును రద్దు చేయాలన్నా, మళ్లీ చేయాలన్నా కావలసినవి రెండే: పాత పేరు, కొత్త పేరు. ఈ రెండిటినీ చెబుతూ చిన్న నిర్వచన ఫైలు రాస్తాం. రికార్డు రకానికి సంఖ్య ఇవ్వాలి. 10000, ఆ పై సంఖ్యలు అప్లికేషన్ల కోసం వదిలేశారు కాబట్టి మనది 10000. బర్క్‌లీ డీబీతోపాటు వచ్చే ఆక్ (టెక్స్టును మలిచే చిన్న భాష) స్క్రిప్టుకు ఈ నిర్వచనం ఇస్తే లాగ్‌లోకి రాసే ఫంక్షను, లాగ్ నుంచి చదివే ఫంక్షను, అచ్చు వేసే ఫంక్షను సిద్ధం చేసి ఇస్తుంది, రికవరీ ఫంక్షనుకు ఖాళీ మూస కూడా ఇస్తుంది. రికార్డు రకం, ట్రాన్సాక్షన్ ఐడీ, అదే ట్రాన్సాక్షన్‌లో ఇంతకు ముందు రాసిన రికార్డు ఎల్ఎస్ఎన్ – ఈ మూడింటినీ మనం అడగకుండానే ప్రతి రికార్డులో చేరుస్తుంది. ఎల్ఎస్ఎన్ అంటే ఏ లాగ్ ఫైలులో ఎంత దూరంలో ఆ రికార్డు ఉందో చెప్పే జంట సంఖ్య. మూడోది గుర్తుంచుకోండి, దానితో పని పడుతుంది.

పేరు మార్చేటప్పుడు వరుస ఇది. ఆ పుస్తకం రికార్డును రైట్ లాక్ (మరెవరూ దాన్ని మార్చకుండా ఆపే తాళం) అడుగుతూ చదవాలి (డీబీ_ఆర్ఎండబ్ల్యూ అనే ఫ్లాగు అందుకే ఉంది). ఆ తర్వాత మన లాగ్ రికార్డును డీబీ_ఫ్లష్ ఫ్లాగుతో రాయాలి. అది డిస్కుకు చేరిందని తేలాకే పేరు మార్చే ఫంక్షను రినేమ్‌ను పిలవాలి. వెంటనే రెండు ఫోల్డర్లనూ ఎఫ్‌సింక్ చేయాలి. రికార్డు దిద్ది కమిట్ చేయడం చివర.

చిట్టాలో ఎక్కించకుండా ఆవర్జా దిద్దకూడదనేది మన కొట్ల గుమాస్తాలకు పాత నియమమే, లాగ్ ముందు ఫైలు తర్వాత అనేదీ అదే. డేటాబేసు పేజీల విషయంలో ఈ నియమాన్ని లైబ్రరీ పాటిస్తుంది. పేజీ కొంతసేపు మెమరీలో ఉంటుంది కాబట్టి దాన్ని డిస్కుకు పంపేలోగా లాగ్‌ను తాపీగా పంపవచ్చు. రినేమ్‌కు అలాంటి విరామం లేదు, పిలిచిన క్షణంలోనే ఫైల్ సిస్టం మారిపోతుంది. డీబీ_ఫ్లష్ మానేస్తే ఫైలు కదిలిపోయి, కదిపినట్టు ఆనవాలు లేని స్థితి రావచ్చు. ఏ రికవరీ ఫంక్షనూ దాన్ని బాగుచేయలేదు, ఎందుకంటే దాన్ని పిలిచేవారే ఉండరు.

లాక్ సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. బర్క్‌లీ డీబీ తన పేజీలకే లాక్ వేస్తుంది, మీ ఫైలుకు వేయదు. అప్లికేషన్‌లో ప్రతిచోటా ముందు పుస్తకం రికార్డు లాక్, ఆ తర్వాతే ఫైలు అనే క్రమం పాటిస్తే రికార్డు లాకే ఫైలునూ కాస్తుంది. ఒక్కచోట తప్పినా రెండు ట్రాన్సాక్షన్లు ఒకే ఫైలు మీద పడతాయి.

ఇక రికవరీ ఫంక్షను. దీనికి నాలుగు వస్తాయి: ఎన్విరాన్‌మెంట్, లాగ్ రికార్డు, ఎల్ఎస్ఎన్‌కు పాయింటరు, ఏం చేయాలో చెప్పే సంకేతం. డీబీ_టీఎక్స్ఎన్_అబార్ట్ అంటే ప్రోగ్రాం నడుస్తుండగా అబార్ట్ చేశారు, రద్దు చేయి అని. డీబీ_టీఎక్స్ఎన్_బ్యాక్‌వర్డ్_రోల్ అంటే కూలిన తర్వాతి రికవరీలో కమిట్ కానిదాన్ని రద్దు చేయి అని. డీబీ_టీఎక్స్ఎన్_ఫార్వర్డ్_రోల్ అంటే కమిట్ అయినదాన్ని మళ్లీ చేయి అని. రెప్లికేషన్‌లో నకలు యంత్రం మీద వచ్చేది డీబీ_టీఎక్స్ఎన్_అప్లయ్, దాన్ని ప్రస్తుతానికి వదిలేద్దాం.

రద్దు చేయమన్నప్పుడు కొత్త పేరుతో ఫైలు ఉండి, పాత పేరుతో లేకపోతేనే వెనక్కి మార్చాలి. మిగతా ఏ స్థితిలోనైనా ఏమీ చేయకుండా సున్నా తిరిగివ్వాలి. మళ్లీ చేయమన్నప్పుడు దీనికి అచ్చంగా తిరగేసినది. పని చివర, ముందే చెప్పిన ఆ మూడో అంశాన్ని, అంటే ముందటి రికార్డు ఎల్ఎస్ఎన్‌ను, వచ్చిన పాయింటరులో పెట్టాలి. అబార్ట్ ఆ గొలుసు పట్టుకునే ఒక్కో రికార్డూ వెనక్కి నడుస్తుంది. ఆ ఒక్క వాక్యం రాయకపోతే గొలుసు తెగుతుంది.

‘ఏమీ చేయకుండా సున్నా’ అన్న చోట చాలామంది ఎర్రర్ తిరిగిస్తారు. అక్కడే రికవరీ ఆగిపోతుంది, ఎన్విరాన్‌మెంట్ తెరుచుకోదు. బర్క్‌లీ డీబీకి మీ పని డిస్కు మీద జరిగిందో లేదో తెలియదు. జరగనిదాన్ని రద్దు చేయమంటుంది, జరిగిపోయినదాన్ని మళ్లీ చేయమంటుంది, రికవరీ మధ్యలోనే యంత్రం మరోసారి కూలితే మొత్తం మళ్లీ మొదలుపెడుతుంది. ఎన్నిసార్లు పిలిచినా, ఏ స్థితిలో పిలిచినా ఫలితం ఒకటే రావాలి.

రెండు పేర్లలో దేనితోనూ ఫైలు లేకపోతే? అదీ తప్పు కాదు. మొదటి ట్రాన్సాక్షన్ క ను ఖ చేసింది, తర్వాతిది ఖ ను గ చేసింది, రెండూ కమిట్ అయ్యాయి అనుకోండి. రికవరీ మొదటిదాన్ని మళ్లీ చేయమన్నప్పుడు డిస్కు మీద ఉన్నది గ ఒక్కటే. క లేదు, ఖ లేదు. ఊరుకోవడమే సరైన పని.

ఈ ఉదాహరణను ఇంకొక్క అడుగు పొడిగించండి. ఆ తర్వాత స్కానర్ నుంచి వేరే పుస్తకం వచ్చి, ఖాళీ అయిన క పేరునే తీసుకుంది. ఇప్పుడు యంత్రం కూలింది. మొదటి మార్పును మళ్లీ చేయమని రికవరీ అడుగుతుంది. మన ఫంక్షను చూస్తుంది: క ఉంది, ఖ లేదు. రాసిన షరతుకు సరిగ్గా సరిపోయింది. కొత్త పుస్తకాన్ని తీసుకెళ్లి ఖ అని పెట్టేస్తుంది. ఎర్రర్ రాదు, కూలడం ఉండదు. ఒక పుస్తకం తన పేరు పోగొట్టుకుంటుంది, ఎవరో దాన్ని అడిగే రోజు దాకా తెలియదు. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఈ పేరానే.

డేటాబేసు పేజీలకు ఈ ప్రమాదం లేదు. ప్రతి పేజీ తలమీద తనను చివరగా మార్చిన రికార్డు ఎల్ఎస్ఎన్ ఉంటుంది. మద్రాసు ఐఐటీలో చదివి ఐబీఎంలో పనిచేసిన సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన ఏరీస్ అనే రికవరీ పద్ధతి కూడా ఈ పోలిక మీదే నిలబడింది: పేజీ తనకు ఎంతవరకు జరిగిందో తానే చెబుతుంది. మన ఫైలు పేరులో అలాంటి గుర్తు లేదు. కాబట్టి మనమే పెట్టాలి. ప్రతి ఫైలు పేరులోనూ డేటాబేసు సీక్వెన్సు (ప్రతిసారీ కొత్త సంఖ్య ఇచ్చేది) నుంచి తీసిన సంఖ్య చేర్చండి. ఒకసారి వాడిన పేరు, అబార్ట్ అయిన ట్రాన్సాక్షన్‌లో వాడినదైనా సరే, మళ్లీ ఎప్పటికీ వాడకూడదు. ఈ నియమం ఉంటేనే పై రెండు షరతులు నమ్మదగినవి.

ఎఫ్‌సింక్ ఎందుకన్నదీ చెప్పాలి. రికవరీ లాగ్ మొదటి నుంచి నడవదు, చెక్‌పాయింట్ ఆధారంగా నడుస్తుంది. అంతకు ముందు కమిట్ అయినవన్నీ డిస్కుకు చేరాయని దాని నమ్మకం. చెక్‌పాయింట్ వేసేటప్పుడు బర్క్‌లీ డీబీ తన క్యాషేలోని పేజీలను డిస్కుకు పంపుతుంది, మీ ఫోల్డర్లను కాదు. ఎఫ్‌సింక్ చేయని రినేమ్ ఇంకా ఆపరేటింగ్ సిస్టం మెమరీలోనే ఉండగా చెక్‌పాయింట్ పడి, ఆపై కరెంటు పోతే, ఆ మార్పును మళ్లీ చేయమని ఎవరూ అడగరు. రికవరీ ఫంక్షను లోపల పేరు మార్చినప్పుడు కూడా ఫోల్డర్లను ఎఫ్‌సింక్ చేయండి.

చివరిగా అనుసంధానం. మన రికార్డు ఎదురైనప్పుడు పిలవాల్సిన ఫంక్షనును సెట్_యాప్_డిస్పాచ్ ద్వారా నమోదు చేయాలి. అది రికార్డు మొదట్లో ఉన్న రకం సంఖ్యను మెమ్‌కాపీతో తీసి (రికార్డు అలైన్‌మెంటుకు, అంటే మెమరీలో సంఖ్యకు తగిన హద్దు మీద మొదలవడానికి, హామీ లేదు, నేరుగా చదవొద్దు) తగిన ఫంక్షనుకు అప్పగిస్తుంది. ఈ నమోదు ఎన్విరాన్‌మెంట్ తెరవకముందే జరగాలి, రికవరీ ఆ తెరిచే పిలుపులోనే నడుస్తుంది మరి. లైబ్రరీతో వచ్చే డీబీ_రికవర్ పనిముట్టుకు మన ఫంక్షన్ల సంగతి తెలియదు. సర్వరు చూసుకునేవారు అలవాటుగా దాన్ని నడపకుండా, మన ఫంక్షన్లు కలిపి కట్టిన సొంత పనిముట్టును వారికి ఇవ్వండి.

అభ్యాసం: ప్రోగ్రాంలో మూడు చోట్ల – లాగ్ రాశాక, రినేమ్ అయ్యాక, కమిట్‌కు ముందు – ఆగే ఏర్పాటు పెట్టి, ఒక్కోచోట కిల్ మైనస్ 9 తో చంపి, మళ్లీ తెరిచి రెండు ఫోల్డర్లనూ రికార్డునూ పోల్చండి. దీనితో రికవరీ తర్కం మాత్రమే పరీక్షకు వస్తుంది. ప్రాసెస్ చచ్చినా ఆపరేటింగ్ సిస్టం మెమరీ బతికే ఉంటుంది కాబట్టి మరిచిపోయిన ఎఫ్‌సింక్ బయటపడదు. దానికి వర్చువల్ మెషీన్‌లో నడిపి, మెషీన్‌నే ఒక్కసారిగా పవర్ ఆఫ్ చేయండి.

ఐదో పాఠంలో ఫైలు తొలగింపు. తొలగించినదాన్ని రద్దు చేయలేం కాబట్టి దాన్ని ముందు ఇవాళ్టి పేరు మార్పుగా మలిచి, కమిట్ తర్వాత చెరిపే పద్ధతి చూద్దాం.