బెంగళూరులో ఏసీ అక్కర్లేని ఇల్లు: ప్లాను ఖాయం చేసే ముందు చూసుకోవలసినవి

బెంగళూరులో 30×40 సైటు కొని ఇల్లు కట్టుకునే మన తెలుగువారు ఎలివేషన్ గురించీ వాస్తు గురించీ ఎంతో చర్చిస్తారు గాని, మిద్దె మీద పడే ఎండ గురించి ఆర్కిటెక్టును అడిగేవారు తక్కువ. సముద్ర మట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న ఈ ఊళ్లో, ఏప్రిల్‌లో సైతం పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 34 డిగ్రీల దగ్గర, రాత్రి కనిష్ఠం 22 డిగ్రీల దగ్గర ఉంటాయి. పగటి ఎండను గోడ బయటే ఆపి, రాత్రి చల్లగాలిని ఇల్లంతా తిరగనిస్తే, ఇక్కడ సొంతింటికి ఏసీ అవసరం రాకుండా చూసుకోవడం పూర్తిగా సాధ్యమే.

‘పాసివ్ హౌస్’ అన్న పేరుతో ప్రసిద్ధమైన ప్రమాణం జర్మనీ చలిని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. డార్మ్‌స్టాట్ నగరంలో ఆ పద్ధతిలో కట్టిన తొలి ఇళ్లలో 1991లో కుటుంబాలు చేరాయి. గదులను వేడిచేయడానికి ఏడాదికి చదరపు మీటరుకు 15 యూనిట్లకు మించి ఖర్చు కాకూడదని, 50 పాస్కల్ పీడనం వద్ద పరీక్షించినప్పుడు సందుల గుండా కారే గాలి గంటకు ఇంటి ఘనపరిమాణంలో 0.6 రెట్లు దాటకూడదని దాని నియమాలు. అంతటి బిగింపు బెంగళూరు ఇంటికి అక్కర్లేదు. ముందు కప్పు, గోడలు, కిటికీలు సరిచేసి ఆ తర్వాతే యంత్రాల గురించి ఆలోచించాలన్న క్రమాన్ని మాత్రం తప్పక తీసుకోవాలి. అంకెల కోసం కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018లో ఇళ్ల కోసం తెచ్చిన నియమావళి, ఎకో నివాస్ సంహితను చూడటం మేలు. అది పెద్ద ప్లాట్ల కోసం రాసినదే అయినా చిన్న సైటుకూ మంచి కొలమానం.

అన్నిటికన్నా ముందు డబ్బు పెట్టవలసింది మిద్దెకే. ఇక్కడ ఏప్రిల్ 24 ప్రాంతంలోనూ ఆగస్టు 18 ప్రాంతంలోనూ సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పై అంతస్తులో రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగుకు చెయ్యి ఆనిస్తే, పగలు తాగిన వేడిని శ్లాబు అప్పటికీ గదిలోకి వదులుతున్నట్టు తెలిసిపోతుంది. ఫ్యాను ఎంత తిరిగినా కిందికి దిగేది ఆ వేడే. కప్పు యూ విలువ, అంటే లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు గుండా దాటే వేడి, 1.2 వాట్లకు మించరాదని సంహిత చెబుతోంది. ఏ పూతా లేని ఆరంగుళాల శ్లాబుకు అది మూడు వాట్లకు పైగానే ఉంటుంది. వాటర్‌ప్రూఫింగ్ పైన రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీట్లు (వేడిని ఆపే గట్టి నురుగు పలకలు) పరిచి, వాటి మీద వాలుగా కాంక్రీటు పోసి, తెల్లటి టైల్స్ వేయిస్తే ఆ విలువ దాదాపు అర వాటుకు దిగుతుంది. షీట్లు శ్లాబు పైనే ఉండాలి. కింద ఫాల్స్ సీలింగులో పెడితే శ్లాబు మాత్రం రోజూ కాగుతూ చల్లారుతూ పగుళ్లకు లోనవుతుంది. సోలార్ ప్యానెళ్లు ఎలాగూ పెట్టించుకునేవారు, కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగిస్తే, మిద్దెకు నీడ కూడా కలిసివస్తుంది.

తర్వాతిది పడమటి గోడ. వాస్తు ప్రకారం పెద్ద పడకగది నైరుతిలో వస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి సూర్యాస్తమయం దాకా ఎండ తగిలే మూల కూడా అదే. గది మార్చమని ఇంట్లో పెద్దవారితో వాదించనవసరం లేదు, ఎందుకంటే నైరుతి బరువుగా ఉండాలని ఆ శాస్త్రమే చెబుతుంది కాబట్టి మెట్లనో, బీరువాల వరుసనో పడమటి గోడ పొడవునా పెట్టించి, నిద్రపోయే చోటును ఎండ గోడకు దూరం చేయవచ్చు. ఇక్కడ మేస్త్రీలు మామూలుగా వాడే సాలిడ్ కాంక్రీటు బ్లాకుతో పోలిస్తే లోపల గాలి బుడగలతో తేలికగా ఉండే ఏఏసీ బ్లాకులో వేడి ప్రసరించే గుణం ఐదో వంతు కూడా ఉండదు. ఖర్చు చూసుకోవాలనుకుంటే పడమటి గోడకైనా ఏఏసీ వాడమని అడగండి. పడమర రోడ్డు ఉంటే ఒక కానుగ చెట్టు నాటండి.

కిటికీల విషయంలో నాలుగు దిక్కులకూ ఒకే సన్‌షేడ్ వేయడం సరికాదు. డిసెంబరు మధ్యాహ్నం దక్షిణాన సూర్యుడు సుమారు 53 డిగ్రీల ఎత్తున ఉంటాడు కనుక, దక్షిణపు కిటికీపై రెండడుగుల సన్‌షేడ్ దాదాపు రెండు ముప్పావు అడుగుల కిందికి నీడనిస్తుంది. తూర్పు పడమరల్లో ఎండ ఏటవాలుగా వస్తుంది, అక్కడ ఎంత సన్‌షేడ్ వేసినా చాలదు. నిలువు పలకలో, జాలీయో, బయటివైపు వేలాడే వెదురు చాపో కావాలి. లోపలి కర్టెన్ వేడిని ఆపలేదు, అద్దం దాటిన ఎండ అప్పటికే గదిలో చేరిపోయి ఉంటుంది.

బెంగళూరు వాతావరణానికి, తెరుచుకునే భాగం నేల వైశాల్యంలో కనీసం 12.5 శాతం ఉండాలన్నది సంహిత లెక్క. రెండు ట్రాకుల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది కాబట్టి ఆ లెక్కలో సగమే పనికొస్తుంది. తలుపులా తెరుచుకునే కిటికీలే ఎంచుకోండి. దోమల మెష్ గాలిని కొంత అడ్డుకుంటుందని గుర్తుంచుకుని కొలతలు కాస్త పెద్దవిగానే వేయించండి.

ఇరుగుపొరుగు ఇళ్లు మూడడుగుల దూరంలో ఉన్నప్పుడు పక్క కిటికీల నుంచి గాలి ఆశించలేం. అలాంటి సైటులో మెట్ల దారే ఇంటికి గాలి గొట్టం. మిద్దె మీది మెట్ల గదికి పైభాగంలో, వాన జల్లు పడకుండా, మూయడానికి వీలైన వెంటిలేటర్లు రెండు వైపులా పెట్టించాలి. రాత్రి వాటినీ కింది అంతస్తు కిటికీలనూ తెరిస్తే వేడిగాలి పైకి పోతూ, చల్లగాలిని కింది నుంచి లాక్కుంటుంది. ఉదయం ఎండ ఎక్కకముందే అన్నీ మూసేయాలి. కింది కిటికీలు రాత్రంతా తెరిచి నిద్రపోవాలంటే భద్రత ముఖ్యం. గ్రిల్లుతో పాటు ఈ వెంటిలేటర్ల వివరం కూడా డ్రాయింగులో ఉండేలా చూడండి, ఎందుకంటే శ్లాబు పడ్డాక మెట్ల గది గోడకు రంధ్రం కొట్టించడం కన్నా కాగితం మీద గీత గీయించడం చాలా సులువు.