కింగ్స్ గ్యాంబిట్‌కు నల్ల పావులతో జవాబు: ఆట ఎక్కడ చేజారుతోంది?

చదరంగంలో కింగ్స్ గ్యాంబిట్ ఇలా మొదలవుతుంది: తెల్ల ఈ4, మీరు ఈ5. రెండో ఎత్తుకే ఎఫ్4 అంటూ ఒక బంటును మీ ముందు పెడతారు. దాన్ని తినడం తప్పు కాదు. తిన్నాక ఏ ఎత్తు ముందు, ఏది తర్వాత అన్న దగ్గరే చాలా ఆటలు పోతాయి.

సమస్య: తిన్న బంటును కాపాడదామని జీ5 వేస్తే రాజు వైపంతా గుల్లవుతోంది.

3. గుర్రం ఎఫ్3కి వెంటనే 3...జీ5 (అంకె తర్వాత మూడు చుక్కలుంటే అది నల్ల ఎత్తు) వేస్తే, 4. హెచ్4 జీ4 తర్వాత ఆ గుర్రం ఈ5లోకి దూకుతుంది. అక్కడి నుంచి ఎఫ్7, జీ4 రెండింటి మీదా దాని కన్నే. సరిగ్గా ఆడితే నల్లకు ఇదేమీ ఓటమి కాదు గానీ, గుర్తుపెట్టుకోవాల్సింది చాలా ఉంటుంది.

కారణం: ఈ5లో ఉన్న మీ బంటు ఎఫ్4కి వెళ్లిపోయింది. ఇప్పుడు ఈ5 గడికి కాపలా లేదు.

పరిష్కారం: ముందు 3...డీ6. చూడ్డానికి చప్పగా ఉంటుంది, కానీ ఈ5 తలుపు మూసేస్తుంది. 4. డీ4 జీ5 5. హెచ్4 జీ4 దాకా వచ్చాక గుర్రానికి మంచి గడి దొరకదు. జీ5కి వస్తే ఎఫ్6 వేయండి, గుర్రం మీదే. అందుకే తెలిసినవాళ్లు దాన్ని తిరిగి జీ1కే పంపుతారు. అదే 4. బిషప్ సీ4 వస్తే ముందు హెచ్6, ఆ తర్వాతే జీ5. అప్పుడు హెచ్4 వేసినా బిషప్‌ను జీ7లో పెట్టి ఏనుగుకు దన్ను ఇస్తే చాలు, జీ4 తోయాల్సిన పనిలేదు.

1960లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో సోవియట్ గ్రాండ్‌మాస్టర్ స్పాస్కీ చేతిలో 3...జీ5 ఆడి ఓడిన అమెరికా గ్రాండ్‌మాస్టర్ ఫిషర్, 1961లో ఈ డీ6నే మందుగా రాశాడు. తర్వాత తనే తెల్లతో ఈ గ్యాంబిట్ ఆడాడు, అయితే 3. బిషప్ సీ4తో!

సమస్య: ఆ 3. బిషప్ సీ4కి రాణితో హెచ్4లో చెక్ ఇస్తే, తర్వాత రాణే పరుగులు పెడుతోంది.

రాజు ఎఫ్1కి జరుగుతాడు, గుర్రం ఎఫ్3కి వచ్చి రాణిని తరుముతుంది. చెక్ మోజు మానేసి 3...గుర్రం ఎఫ్6, తర్వాత సీ6, డీ5 ఆడండి.

సమస్య: బంటు వద్దనుకుని 2...డీ6 వేస్తే ఊపిరాడటం లేదు.

ఎఫ్8 బిషప్‌ను మీరే లోపల పెట్టి తాళం వేశారు. వద్దనుకుంటే 2...బిషప్ సీ5 మేలు. ఈ5 బంటు ఊరికే ఉంది కదా అని తెల్ల తింటే రాణి హెచ్4 చెక్. జీ3 అడ్డం పెడితే రాణి ఈ4 బంటును చెక్‌తో తిని, హెచ్1 ఏనుగునూ పట్టేస్తుంది. రాజు ఈ2కి వస్తే ఈ4లోనే మేట్.

సమస్య: బంటును మోస్తూ కూర్చోవడమే టెన్షన్.

నా ఓటు కూడా దీనికే: తిరిగి ఇచ్చేయండి. 3. గుర్రం ఎఫ్3కి 3...డీ5 4. ఈ×డీ5 (ఈ4 బంటు డీ5 బంటును తినడం) గుర్రం ఎఫ్6. డీ5ను రాణితో తింటే సీ3 గుర్రం తరుముతుంది, కాబట్టి వద్దు. 5. బిషప్ బీ5 చెక్‌కు సీ6 అడ్డం పెట్టండి. డీ×సీ6 తిన్నా మీరు తిరిగి తింటారు, బంట్ల లెక్క సరి. ఇక బిషప్ డీ6, క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరగడం).