మాగ్డెబుర్గ్: వానకు పడమర చూడండి, వరదకు దక్షిణం

మాది భద్రాచలం. జులై వచ్చిందంటే మా ఇంట్లో కాఫీ కన్నా ముందు వినబడే మాట "ఎన్ని అడుగులుంది?" గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. రెండోది దాటితే అమ్మ బియ్యం డబ్బాలు అటకెక్కిస్తుంది. ఆ అలవాటుతోనే 2021 అక్టోబర్‌లో మాస్టర్స్ కోసం జర్మనీలోని మాగ్డెబుర్గ్ వచ్చాను. ఇక్కడా ఊరి నడుమ పెద్ద ఏరు ఉంది, ఎల్బె. ఏటా కొత్తగా వచ్చే మనవాళ్లు ఇల్లెక్కడ తీసుకోవాలి, ఏం కొనుక్కోవాలి అని అడుగుతుంటారు. నా అనుభవంలో ఈ రెండింటికీ జవాబు ఏరూ గాలీ చెబుతాయి.

ముందు ఊరి వాలు అర్థం చేసుకోండి. ఎల్బె ఇక్కడ దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. పడమటి ఒడ్డు మెరక. పాత ఊరు, 1209లో కట్టడం మొదలుపెట్టిన పెద్ద చర్చి, మా యూనివర్సిటీ అన్నీ ఆ వైపే. తూర్పు ఒడ్డు పల్లం. మధ్యలో ఏరు రెండు పాయలై రోటెహోర్న్ అనే లంకను చుట్టుకుంటుంది, అక్కడ పార్కు ఉంది. ష్టాట్‌ఫెల్డ్, సూడెన్‌బుర్గ్ లాంటి పడమటి పేటల్లో గది దొరికితే వరద గురించి టెన్షన్ అక్కర్లేదు. తూర్పున క్రాకావు, బ్రూక్‌ఫెల్డ్ పచ్చగా, ప్రశాంతంగా ఉంటాయి. తీసుకోవద్దని అనను. కాకపోతే ఇంటి ఓనర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "2013లో కెల్లర్‌లోకి నీళ్లొచ్చాయా?" కెల్లర్ అంటే నేలమాళిగ. వీధిలోకి ఏరు రాకపోయినా భూమిలోంచి ఊటనీరు అందులోకి వస్తుంది. సర్టిఫికెట్లున్న సూట్‌కేస్ మాత్రం అందులో పెట్టకండి.

2013 అని ఎందుకంటే, ఆ జూన్ 9న ఇక్కడ నీటిమట్టం కొలిచే గేజి 7 మీటర్ల 40 సెంటీమీటర్లు దాటింది. తూర్పు పేటల నుంచి వేలమందిని ఖాళీ చేయించారు. మన లెక్కలో 24 అడుగులే కదా అని నేనూ మొదట నవ్వాను. కానీ గేజి చెప్పేది నీటి లోతు కాదు. సున్నా ఎక్కడ పెట్టుకున్నారో అక్కణ్నుంచి లెక్క. భద్రాచలం అంకెనీ ఇక్కడి అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఆ వరద ఈ ఊళ్లో పడ్డ వానతో రాలేదు. ఎల్బె చెక్ దేశపు కొండల్లో పుడుతుంది. వాన అక్కడా, ఎగువనున్న సాక్సనీ రాష్ట్రంలోనూ పడింది. ఆ రాష్ట్రంలోని డ్రెస్డెన్‌లో నీటిమట్టం జూన్ 6న గరిష్ఠానికి చేరితే, మన దగ్గరికి రావడానికి మూడు రోజులు పట్టింది. మేం ఎగువనున్న పేరూరు లెక్క చూసి భద్రాచలం అంచనా వేసినట్టే ఇక్కడా ఎగువన చూడాలి. ఫోన్‌లో పెగెల్‌ఆన్‌లైన్ అనే ప్రభుత్వ సైటు తెరిచి డ్రెస్డెన్ చూడండి, తర్వాత "మాగ్డెబుర్గ్ ష్ట్రోమ్‌బ్రూకె" చూడండి. అంకెలు సెంటీమీటర్లలో ఉంటాయి. డ్రెస్డెన్ ఒక్కటే చాలదు. జాలె అనే ఉపనది బార్బీ దగ్గర, అంటే మనకు కాస్త ఎగువన కలుస్తుంది. రెండూ ఒకేసారి పొంగితే ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఊరికి ఎగువన ప్రెట్సీన్ దగ్గర 1870లలో కట్టిన తలుపుల ఆనకట్ట ఉంది. వరదొస్తే తలుపులెత్తి, దాదాపు మూడోవంతు నీటిని ఊరికి తూర్పుగా తవ్విన కాలవలోకి మళ్లిస్తారు. తలుపులెత్తారనే వార్త కనబడితే ఏరు గట్టిగానే వస్తోందని అర్థం.

ఇక వాన. జర్మనీ అంటే రోజూ వానే అనుకుని వస్తారు. ఇక్కడ ఏడాదికి పడేది సుమారు 500 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు మన అనంతపురం అంత! పడమరన హార్ట్స్ కొండలున్నాయి, వాటిలో ఎత్తైనది 1,141 మీటర్ల బ్రోకెన్. అట్లాంటిక్ నుంచి వచ్చే మబ్బులు అక్కడే చాలావరకు దులిపేసుకుని, మనకు మిగిలింది ఇస్తాయి. కానీ ఆ కాస్తా అనంతపురంలోలా నాలుగు కుంభవృష్టులుగా పడదు. ఏడాది పొడుగునా తుంపర తుంపరగా పడుతుంది. గొడుగు దండగ, గాలికి తిరగబడుతుంది. నేను రెండు పోగొట్టుకున్నాక టోపీ ఉన్న రెయిన్ జాకెట్ కొన్నాను. ఎండలో బయల్దేరినా బ్యాగులో అది ఉండాలి.

చలికి నాకు పెద్ద బాధ లేదు. జనవరి సగటు సున్నాకి కాస్త పైన, మంచు కురిసినా ఎక్కువ రోజులు నిలవదు. బాధంతా చీకటితోనే. డిసెంబర్‌లో ఎనిమిదింపావుకి తెల్లారుతుంది, నాలుగింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారంటే ఆ రోజు ఎండ మొహం చూడరు. పన్నెండింటికి ఒక అరగంట బయట నడవండి. సైకిల్ వాళ్లు మాత్రం సన్నవాన పడి గడ్డకట్టిన పొద్దుట ట్రామ్ ఎక్కండి. రోడ్డు తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది, కాలు పెట్టాక తెలుస్తుంది.

మనవాళ్లు డబ్బు పోగొట్టుకునేది మాత్రం బూజు దగ్గర. నా మొదటి చలికాలం, చలి లోపలికి వస్తుందని కిటికీ తెరవలేదు. గదిలోనే బట్టలారేశాను, కుక్కర్ రోజూ మూడు విజిళ్లు. పొద్దున లేస్తే కిటికీ అద్దం లోపలివైపు చెమట పట్టినట్టు నీళ్లు కారేవి. తుడిచేసి ఊరుకున్నాను. ఫిబ్రవరిలో బీరువా జరిపితే వెనక గోడంతా నల్లటి చుక్కలు, ఆవాలు చల్లినట్టు. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కొంత కోశారు. కిటికీని కొద్దిగా వాల్చి రోజంతా వదిలేయడం కాదు, రోజుకు రెండు మూడుసార్లు బార్లా తెరిచి, అయిదు నిమిషాలాగి మూసేయాలి. ఆ కాసేపూ హీటర్ కట్టేయండి. బయటి చలిగాలిలో తేమ తక్కువ, అది లోపలికొచ్చి వేడెక్కితే గది ఆరుతుంది. బీరువాను గోడకు జానెడు ఎడంగా పెట్టండి.

ఏప్రిల్ ఎండను నమ్మకండి. 2022లో నేను నమ్మి, మిరప నారు, గోంగూర కుండీలు బాల్కనీలో పెట్టాను. ఒక్క రాత్రి మంచుకు తెల్లారేసరికి ఉడకబెట్టినట్టు వాలిపోయాయి. పక్కింటి ముసలావిడ చూసి "ఐస్‌హైలిగె" అంది. మన కార్తెల్లాంటి లెక్కే. మే 11 నుంచి 15 దాకా చలి మళ్లీ ఒకసారి తొంగిచూస్తుందని, అది దాటాకే మొక్కలు బయట పెట్టాలని. అప్పట్నుంచి 15 దాటాకే పెడుతున్నాను, కాయలు కూడా కోస్తున్నాను. ఇక్కడి మట్టి గొప్పదే అసలు. ఊరికి పడమరగా ఉన్న నల్లనేలను బ్యోర్డె అంటారు. 1930లలో దేశంలోని నేలలకు మార్కులు వేసినప్పుడు, ఐకెన్‌డోర్ఫ్ అనే ఇక్కడి పల్లె మట్టికి నూటికి నూరు ఇచ్చి, మిగతావాటిని దానితో పోల్చారు.

ఎండాకాలం 35 దాటే రోజులుంటాయి, ఇళ్లలో ఏసీ ఉండదు. పగలు కిటికీలు మూసి తెర దించండి, రాత్రి తెరవండి. ఈతకు బార్లెబెర్ జే చెరువుకి వెళ్లండి. ఎల్బెలో దిగకండి, గోదాట్లో ఈదినవాళ్లైనా సరే. చర్చి దగ్గర నీటి కింద డోమ్‌ఫెల్జెన్ అనే బండ ఉంది, ఏరు అక్కడ ఇరుకై వడిగా లాగుతుంది.

ఏరు బాగా ఎండితే ఆ బండ బయటపడుతుంది. 2022 జులైలో గోదావరి 71 అడుగులు దాటిన రోజుల్లో నేను ఒడ్డున నిలబడి ఆ బండనే చూస్తున్నాను. అమ్మ ఫోన్‌లో, చుట్టాలింటి డాబా మీద నుంచి, "మీ దగ్గర ఎంతుందే?" అంది.

"మీటరు కూడా లేదమ్మా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే కాస్త ఇటునుంచి పట్టుకుపో" అంది.