ఉద్యోగం ముందే ముగిసినవారికి పాఠాలు – 3: మన జీతం మనమే ఇచ్చుకోవడం

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసంలో, కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ కాగితాన్ని ముందు పెట్టుకుని, అందులోని ప్రతి అంకె ఎలా వచ్చిందో పక్కన పెన్సిలుతో రాయమని కోరాను. అది పూర్తి చేయనివారు ముందు ఆ పని ముగించుకుని ఈ పాఠానికి రావాలి, ఎందుకంటే ఇక్కడి లెక్కంతా ఆ అంకెల మీదనే నిలుస్తుంది. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం) వరుస దగ్గర తడబడినవారి కోసం మరొక్కసారి చెబుతాను. చివరి నెల మూలవేతనాన్ని, కరవు భత్యాన్ని కలిపి 26తో భాగించి, 15తో గుణించి, వచ్చిన దానిని సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. చివరి సంవత్సరంలో ఆరు నెలలు దాటితే దానిని పూర్తి సంవత్సరంగానే లెక్కించాలి. మూలవేతనమూ భత్యమూ కలిసి 42,000 రూపాయలు, సర్వీసు 26 సంవత్సరాలు అయితే గ్రాట్యుటీ 6,30,000 రూపాయలు రావాలి. మీ కాగితంలో అంకె ఇంతకు తగ్గి ఉంటే కారణాన్ని లిఖితపూర్వకంగా అడగండి.

ఈ పాఠంలో నేర్చుకోవలసింది ఒకే సారి చేతికొచ్చిన మొత్తాన్ని నెలజీతంగా మార్చుకోవడం. వినడానికి సులువుగా ఉన్నా, ముప్ఫై ఏళ్ళు నెలాఖరున జీతం అందుకున్న చేతికి ఇది అలవాటు లేని పని. మన పెద్దలకు మాత్రం ఇది తెలిసిన విద్యే. మా తాతగారి ఇంట్లో ఏడాదికి ఒక్కసారే పంట ఇంటికి వచ్చేది. తిండిగింజలు ఒక గాదెలో, విత్తనాల వడ్లు వేరొక కుండలో పోసేవారు. ఆ కుండ మూతికి పేడా మట్టీ కలిపి మెత్తేవారు. ఎంత ఇబ్బంది వచ్చినా ఆ మెత్తు పగలగొట్టడానికి మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. ఉద్యోగాలకని పట్నం వచ్చిన మా తరం ఆ గాదెతో పాటు ఆ లెక్కనూ ఊళ్ళోనే వదిలి వచ్చింది.

నా సంగతే చెబుతాను. 2024లో, నా 55వ ఏట, జీడిమెట్లలో నేను పనిచేస్తున్న విభాగాన్ని మూసివేశారు. వచ్చిన డబ్బంతా సేవింగ్స్ ఖాతాలో పడింది. ఆరు నెలలు అక్కడే ఉంది. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చినప్పుడల్లా కింద కనిపించే నిల్వ నా జీవితంలో ఎన్నడూ చూడనంత పెద్దదిగా ఉండేది కనుక, పైన ఖర్చయిన అంకె చిన్నదిగా తోచేది. ఆ ఆరు నెలల్లో బండి మార్చాను, వరుసకు తమ్ముడయ్యే ఒకరికి స్థలం బయానా కోసం రెండున్నర లక్షలు ఇచ్చాను, మేనకోడలి పెళ్ళిలో ఉద్యోగంలో ఉన్నప్పటి స్థాయిలోనే చదివించాను. ఏదీ దుబారా కాదు, కాని వీటన్నింటి కన్న పెద్ద నష్టం, నాకు తెలియకుండానే గడిచిపోయిన ఒక గడువు వల్ల కలిగింది. దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

మొదట రాయవలసింది ఖర్చు. ఎంత వచ్చిందన్న దగ్గర మొదలుపెడితే మనసు ఆ మొత్తానికి తగిన ఖర్చులను వెతుక్కుంటుంది, అందుకని రాబడి కాగితాన్ని కాసేపు పక్కన పెట్టండి. గడిచిన పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని, ఇంటి ఖర్చు చూసేవారితో కలిసి కూర్చోవాలి. మా ఇంట్లో ఈ పనికి కూర్చున్న రోజున నా భార్య పాల పుస్తకం, చిట్టీ పుస్తకం, గ్యాసు రసీదులు గుచ్చిన తీగ తెచ్చి బల్ల మీద పెట్టి, "మీకు జీతం ఎంతో తెలుసు, నాకు ఖర్చు ఎంతో తెలుసు, ఇన్నేళ్ళలో రెండూ ఒక చోట రాసింది లేదండీ" అన్నది. నెలకు 22 వేలతో ఇల్లు గడుస్తోందని నేను ఘంటాపథంగా చెప్పాను. లెక్క తేలేసరికి అది 29,500 అయింది.

అది కూడా అసలు అంకె కాదు. ప్రతి నెలా కనిపించని ఖర్చులు ఉంటాయి. ఏప్రిల్‌లో కట్టే ఇంటి పన్ను, బండి బీమా, సంక్రాంతికి ఊరి ప్రయాణం, రెండు మూడు పెళ్ళిళ్ళ చదివింపులు, ఏడాదికొకసారి చేయించే రక్తపరీక్షలు, పై కప్పుకు వేయించే సున్నం ఇటువంటివి. వీటికి తోడు ఇప్పుడు కొత్తగా ఆరోగ్య బీమా ప్రీమియం చేరుతుంది. ఇంతకాలం కంపెనీ గ్రూపు పాలసీ దానిని మోసింది, ఉద్యోగంతో పాటే అదీ ఆగిపోతుంది. ఈ వార్షిక ఖర్చులన్నీ కూడి 12తో భాగించాలి. మా ఇంట్లో అవి 1,02,000 రూపాయలు, అంటే నెలకు 8,500. మొత్తం 38,000. ఇకపై ప్రతి నెలా మనకు మనం ఇచ్చుకోవలసిన జీతం ఇదే. ఇది పాత జీతం కన్న తక్కువే ఉంటుంది, ఎందుకంటే పాత జీతంలో పీఎఫ్ కోతలు, పన్ను, ఆఫీసు ప్రయాణం, పదిమందిలో నిలబడడానికి పెట్టిన ఖర్చు కూడా ఉండేవి.

ఇప్పుడు రాబడి కాగితం తీయండి. 1999లో చేరి 2025లో, 55వ ఏట బయటికి వచ్చిన ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. అతని నెల ఖర్చు కూడా మా ఇంటిదంతే అనుకుందాం. పీఎఫ్ 22 లక్షలు, గ్రాట్యుటీ 6,30,000, కంపెనీ ఇచ్చిన పరిహారం పన్ను పోగా 4 లక్షలు, సెలవుల సొమ్ము 1,20,000 కలిపి 33,50,000 రూపాయలు. ఇందులో బంగారం మీద ఉన్న లక్షన్నర అప్పు ముందు తీర్చాలి, ఎందుకంటే ఆ అప్పు మీద కట్టే వడ్డీ కన్న ఎక్కువ రాబడి ఇచ్చే సురక్షితమైన డిపాజిట్ మనకు దొరకదు. ఆపత్సమయానికి 3 లక్షలు విడిగా ఉంచాలి. మిగిలినవి 29 లక్షలు. వీటిని ఇప్పుడు విత్తనాల వడ్లుగా, తిండిగింజలుగా విడదీయాలి.

విత్తనాల భాగానికి నేను సూచించేది సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం. ఇది 60 నిండినవారికే అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. వాస్తవానికి 55 నిండి 60 దాటనివారు కూడా, పదవీ విరమణ వల్లనైనా మరో విధంగానైనా ఉద్యోగం నుంచి వైదొలగి ఉంటే, విరమణ ప్రయోజనాలు చేతికి అందిన మూడు నెలల లోపు ఈ ఖాతాను తెరవవచ్చు. ఈ గడువు పూర్వం ఒక నెలే ఉండేది, 2023 నవంబరులో దానిని మూడు నెలలకు పెంచారు. పైన చెప్పిన గడువు ఇదే. నేను నిల్వ చూసుకుని మురిసిపోతుండగా ఆ మూడు నెలలు గడిచిపోయాయి, ఇక నాకు 60 నిండేవరకు ఆ తలుపు తెరుచుకోదు. మీరు మాత్రం ఉద్యోగ విరమణ వివరాలు, సొమ్ము అందిన తేదీ తెలిపే ధ్రువపత్రాన్ని కంపెనీ నుంచి వెంటనే తీసుకుని పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్ళండి. విరమణ ప్రయోజనాలుగా వచ్చిన మొత్తానికి మించకుండా, 30 లక్షల పరిమితికి లోబడి డిపాజిట్ చేయవచ్చు. కాలవ్యవధి ఐదేళ్ళు, 2025-26లో వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకొకసారి చెల్లిస్తారు. 20 లక్షలు పెడితే త్రైమాసికానికి 41,000 రూపాయలు, అంటే నెలకు సుమారు 13,667 వస్తుంది.

పీఎఫ్‌ను తీయకుండా అక్కడే ఉంచకూడదా అని కొందరు అడుగుతారు. 55కు బయటికి వచ్చినవారికి 58 వరకు దానిమీద వడ్డీ జమ అవుతుంది, 2024-25కు ఆ రేటు 8.25 శాతం. కాని ఉద్యోగం మానిన తరువాత చేరిన వడ్డీకి పన్ను వర్తిస్తుంది, పైగా అది నెలనెలా చేతికి రాదు. వేరే ఆదాయం ఉన్నవారు ఉంచుకోవచ్చు, దానితోనే ఇల్లు గడవవలసినవారికి అది తాళం వేసిన గాదె.

మిగిలిన 9 లక్షలు తిండిగింజలు. 38,000 జీతంలో వడ్డీ 13,667 పోగా నెలకు 24,333 లోటు. 36 నెలలకు ఆ లోటు 8,75,988 రూపాయలు, అంటే ఈ 9 లక్షలు 58 వచ్చేవరకు సరిపోతాయి. వీటిని మూడు ముక్కలు చేసి, మొదటి ఏటి 3 లక్షలు ఒక విడి ఖాతాలో, రెండవ ఏటివి 12 నెలలకు, మూడవ ఏటివి 24 నెలలకు పండే ఎఫ్‌డీలలో వేయాలి. త్రైమాసిక వడ్డీ కూడా ఆ విడి ఖాతాలోనే పడాలి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోవద్దు, ఫోన్‌లోని చెల్లింపు యాప్‌కు దానిని కలపవద్దు. అక్కడి నుంచి ప్రతి నెలా 38,000 మాత్రమే ఇంటి ఖర్చుల ఖాతాకు తనంతట తాను బదిలీ అయ్యేటట్లు బ్యాంకుకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వాలి. తేదీగా మీ పాత జీతం పడే రోజునే ఎంచుకోండి. నేను 30వ తేదీ పెట్టుకున్నాను. ఆ రోజు వచ్చే మెసేజ్‌లో కనిపించే నిల్వ పాత రోజుల్లో మాదిరిగానే ఉంటుంది, 20వ తేదీ దాటేసరికి చెయ్యి దానంతట అదే వెనక్కి తగ్గుతుంది. ఎంత చెప్పినా రాని పొదుపు నాకు ఈ ఏర్పాటుతో వచ్చింది.

ఇక పింఛను. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద పదేళ్ళ సర్వీసు ఉన్నవారికి 58వ ఏట నుంచి పింఛను వస్తుంది. 15,000ను సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే సరిపోతుందని వాట్సాప్‌లో తిరిగే లెక్క మనబోటివారికి పూర్తిగా వర్తించదు. పింఛనుకు లెక్కలోకి తీసుకునే నెలజీతానికి 2014 సెప్టెంబరు 1 వరకు చేసిన సర్వీసుకు 6,500, ఆ తరువాతి సర్వీసుకు 15,000 గరిష్ఠ పరిమితులుగా పెట్టుకుని, విడివిడిగా లెక్కించాలి. మన ఉదాహరణలోని వ్యక్తికి మొదటి 15 ఏళ్ళకు 1,393, తరువాతి 11 ఏళ్ళకు 2,357 వస్తాయి. ఇరవై ఏళ్ళు దాటినందుకు కలిపే రెండేళ్ళ అదనపు సర్వీసుతో కలిసి మొత్తం నాలుగు వేల దాపుకు చేరుతుంది. అధిక వేతనంపై పింఛను ఎంచుకున్నవారి లెక్క వేరు. 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్ నుంచి ఒక్కరోజే 78 వేలకు పైగా ఉద్యోగులు స్వచ్ఛంద విరమణపై బయటికి వచ్చారు. మన కాలనీల్లో అటువంటివారు ఒకరిద్దరు ఉంటారు, వారి సలహాలూ మనకు అందుతుంటాయి. వారిలో అత్యధికులకు ప్రభుత్వ పింఛను ఉన్నది కనుక వారు వేసుకున్న లెక్కను మనం దించుకోకూడదు.

ఈ పింఛనును 50 దాటిన తరువాత ముందుగానే తీసుకోవచ్చు, కాని 58కి ఎన్నేళ్ళు ముందు తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున అంత తగ్గుతుంది, ఆ కోత జీవితాంతం ఉంటుంది. అందుకని ఆగమని అందరూ చెబుతారు. నేను కాగితం మీద వేసి చూశాను. 4,000 పింఛనులో మూడేళ్ళ కోత 12 శాతం, అంటే నెలకు 480. ముందుగా తీసుకుంటే 36 నెలల్లో 3,520 చొప్పున 1,26,720 రూపాయలు చేతికి వస్తాయి. నెలకు 480 చొప్పున పోగొట్టుకుంటూ ఆ మొత్తం కరిగిపోవడానికి 264 నెలలు, అనగా 22 ఏళ్ళు పడుతుంది. అప్పటికి 80 నిండుతాయి. కనుక మళ్ళీ పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో చేరే ఆశ లేనివారు 55కే తీసుకున్నంత మాత్రాన మోసపోయినట్లు కాదని నా అభిప్రాయం. అటువంటి ఉద్యోగం దొరికే వీలున్నవారు మాత్రం ఆగాలి, ఎందుకంటే పింఛను మొదలైతే కొత్త సర్వీసు దానికి కలవదు.

ఇంతవరకు వచ్చిన తరువాత ఒక సంగతి స్పష్టమవుతుంది. 58 దాటాక తిండిగింజల గాదె ఖాళీ అవుతుంది, వడ్డీ 13,667, పింఛను 4,000 పోగా ధరల పెరుగుదలను పక్కన పెట్టినా నెలకు ఇరవై వేలకు పైగా లోటు మిగులుతుంది. భయపడవలసిన అంకెలా కనిపిస్తుంది గాని, నాకు నిద్ర పట్టించింది ఇదే. అంతకు ముందు నా మనసులో ఉన్నది పాత జీతం, అంటే నెలకు 80 వేల పైచిలుకు. దానికి తక్కువ ఇస్తామన్న ప్రతి చోటునూ చిన్నతనంగా భావించి తిరిగి వచ్చాను. నాకు కావలసింది 80 వేలు కాదు, లోటు పూడ్చే ఇరవై వేలే అని కాగితం మీద తేలిన మరుసటి వారం, ఒక మందుల టోకు దుకాణంలో సరుకు లెక్క చూసే పనికి ఒప్పుకున్నాను. అక్కడి యజమాని నా కన్న పదిహేనేళ్ళు చిన్నవాడు, నన్ను "అంకుల్" అని పిలుస్తాడు. మొదటి వారం ఆ పిలుపు చెవికి కొంచెం గుచ్చుకున్న మాట నిజమే. జీతం 18,000. ఈ మూడేళ్ళలోనే అటువంటి పని దొరికినవారికి తిండిగింజలు మూడేళ్ళకు బదులు పదేళ్ళకు పైగా నిలుస్తాయి, ఆ భాగహారం మీరే చేసి చూడండి.

అభ్యాసం: ఈ వారంలో ఒక తెల్లకాగితం మీద నాలుగు అంకెలు రాయండి. మీ నెల ఖర్చు, అందులో వార్షిక ఖర్చుల వాటా (ఏడాది మొత్తంలో పన్నెండో వంతు), విత్తనాల మీద వచ్చే నెలవారీ వడ్డీ, మిగిలిన లోటు. సొమ్ము చేతికి అందిన తేదీని పైన రాసి, దాని పక్కన మూడు నెలల గడువు ముగిసే తేదీని ఎర్ర సిరాతో వేయండి. ఈ కాగితాన్ని ఒంటరిగా పూర్తి చేయకండి, ఇంటి ఖర్చు చూసేవారు మార్చమన్న అంకెను వాదన లేకుండా మార్చండి. నాలుగవ పాఠంలో, ఆ లోటు పరిమాణానికి తగిన పనిని ఎక్కడ, ఎవరిని, ఏ మాటలతో అడగాలో చూద్దాం. ఆ పాఠానికి లోటు అంకె ఉన్న ఈ కాగితమే చేతిలో ఉండాలి, పాత విజిటింగ్ కార్డు అక్కరలేదు.