ట్రావెల్ బగ్ దొరికితే ముందు కోడ్ ఫొటో తీసుకోండి

మా దేవరకొండ వైపు గుట్టలెక్కితే ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత ఉంటే గొప్ప. అందుకే జియోకాష్ డబ్బాలో (జీపీఎస్‌తో వెతికే ఆటలో ఎవరో దాచిపెట్టిన డబ్బా) ట్రావెల్ బగ్ (ఆటగాళ్లు డబ్బా నుంచి డబ్బాకి చేరవేసే, కోడ్ ఉన్న బిళ్ల) దొరకగానే, దాని రేకు బిళ్ల మీద చెక్కిన కోడ్‌ని అక్కడే ఫొటో తీసుకోండి. లాగింగ్, అంటే జియోకాషింగ్ సైట్‌లో నమోదు, ఇంటికొచ్చి చేయొచ్చు.

నేనోసారి 'తర్వాత చూద్దాంలే' అనుకుని, బగ్‌ని ఇంకో డబ్బాలో వేసేసి నల్లగొండ బస్సెక్కాను. రాత్రి లాగ్ చేద్దామంటే కోడ్ లేదు! సైట్‌లో అది ఇంకా పాత డబ్బాలోనే ఉన్నట్టు కనిపిస్తోంది. మళ్లీ ఎండలో గుట్టెక్కాల్సి వచ్చింది.

లాగ్ చేసేటప్పుడు, బగ్ తీసుకుంటే 'రిట్రీవ్', వేరే డబ్బాలో పెడితే 'డ్రాప్', ఊరికే చూసి వదిలేస్తే 'డిస్కవర్'. డ్రాప్ మర్చిపోతే అది మీ ఖాతాలోనే ఉండిపోతుంది, తర్వాతివాళ్లు మీ దగ్గర్నుంచి 'గ్రాబ్' చేసుకోవాలి. మీరు డ్రాప్ చేసేలోగా వాళ్లు గ్రాబ్ చేసేస్తే మళ్లీ వెనక్కి లాక్కోకండి.

ఆ కోడ్ ఫొటో మాత్రం నెట్‌లో ఎక్కడా పెట్టొద్దు. పెట్టాలనిపిస్తే కోడ్ మీద బొటనవేలు అడ్డంపెట్టి ఇంకోటి తీయండి. సైట్‌లో బగ్‌కి ఉండే, టీబీ (TB)తో మొదలయ్యే నంబర్ అందరికీ కనిపించేదే, దానితో ఇబ్బంది లేదు. బిళ్ల మీద కోడ్ తెలిస్తే మాత్రం బగ్‌ని చూడనివాళ్లు కూడా ఇంట్లో కూర్చుని లాగ్ చేసేస్తారు.

బగ్ తీసుకున్నందుకు బదులుగా ఏమీ పెట్టక్కర్లేదు. రెండు వారాల్లో ముందుకు పంపేస్తే చాలు.