ఫొటోలో వస్తువు రంగు మారుతోందా? లైటు కొనే ముందు ఇవి చూడండి

మొదట, గదిలో పైన వెలుగుతున్న లైటు ఆర్పండి. తర్వాత ఫోన్ లెన్స్ తుడవండి. ఈ రెండూ చేయకుండా రింగ్ లైటు, సాఫ్ట్‌బాక్స్ అంటూ కొనుక్కొచ్చి, అయినా తేడా పోలేదని తల పట్టుకునేవాళ్లే ఎక్కువ.

సమస్య: వస్తువు ఒక పక్క పసుపుగా, ఇంకో పక్క నీలంగా వస్తోంది.

రెండు రకాల వెలుగు కలిసింది. వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు ఎక్కువ. పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్, వార్మ్ బల్బు 2700-3000. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగ్) ఫ్రేమ్ మొత్తానికి ఒకే దిద్దుబాటు చేస్తుంది కాబట్టి ఒక పక్క బాగైతే రెండో పక్క చెడుతుంది. కిటికీ వెలుగుతో తీస్తే బల్బులన్నీ ఆర్పాలి. బల్బులతో తీస్తే కర్టెన్ వేసేయాలి. రెండు బల్బులు వాడితే రెండూ ఒకే రకం ఉండాలి, సీఆర్ఐ (బల్బు వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90కి తగ్గకూడదు.

సమస్య: లైట్లన్నీ ఆర్పేశాక కూడా నీడ పడే పక్క ఆకుపచ్చగానో గులాబీగానో ఉంది.

అసలు తిప్పలు పెట్టేది ఇదే. ఇక్కడ దొంగ బల్బు కాదు, గోడ. కిటికీ ఎడమవైపు ఉంటే వస్తువు కుడి పక్కకి నేరుగా వెలుగు అందదు. కుడివైపు గోడ తిప్పి పంపిందే దానికి దిక్కు. గోడకి లేత ఆకుపచ్చ వేసి ఉంటే నీడలోనూ ఆకుపచ్చే దిగుతుంది. మన కన్ను ఆ రంగుకి అలవాటు పడి దాన్ని పట్టించుకోదు, కెమెరా మాత్రం ఉన్నదున్నట్టు చూపిస్తుంది. వైట్ బ్యాలెన్స్ ఎంత తిప్పినా లాభం లేదు, ఎందుకంటే వెలుగు పక్క బాగానే ఉంది.

అనుమానం తీర్చుకోవడం తేలికే. ఏ4 తెల్ల కాగితాన్ని మధ్యకు మడిచి, మడత కెమెరా వైపు ఉండేలా, తెరిచిన పుస్తకంలా వస్తువు స్థానంలో నిలబెట్టండి. ఫొటో తీసి, ఎడిటింగ్‌లో ముందు కిటికీ వైపు సగం తెల్లగా కనిపించేలా వైట్ బ్యాలెన్స్ సరిచేసి, తర్వాత శాచురేషన్ (రంగుల గాఢత) పూర్తిగా పెంచండి. రెండో సగం బూడిద రంగులో ఉంటే గోడ తప్పేం లేదు. రంగు తేలిందా, గోడకీ కాగితానికీ మధ్య నల్ల గుడ్డ అడ్డంపెట్టి మళ్లీ తీయండి. రంగు పోతే దొంగ దొరికినట్టే.

ఆ నల్ల గుడ్డ అలాగే వదిలేయకండి, నీడ మరీ చిక్కబడుతుంది. దాని చోట తెల్ల థర్మోకోల్ షీటు పెట్టండి: వస్తువుకి అడుగు దూరంలో, వస్తువు ఎత్తుకి కనీసం రెట్టింపు ఎత్తున్నది. అది గోడనీ అడ్డుకుంటుంది, కిటికీ వెలుగునీ తెల్లగా తిప్పి పంపుతుంది. గోడకి దూరం జరిగితే తేడా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. చెక్క బల్ల మీద పెట్టిన తెల్ల కప్పు అడుగు భాగం గోధుమ రంగులోకి తిరిగేదీ ఇందుకే, కింద తెల్ల కాగితం పరిస్తే సరి. పక్కపక్కనే పెట్టిన ఎర్ర సీసా కూడా తెల్ల సీసాకి రంగు అంటిస్తుంది. ఫొటో తీసేవాళ్ల చొక్కా సంగతి చెప్పక్కర్లేదు. స్టీలు వస్తువులకైతే తెల్లదో, బూడిద రంగుదో వేసుకోండి.

సమస్య: తెల్ల బ్యాక్‌గ్రౌండ్ బూడిదగా వస్తోంది.

ఫ్రేమ్ నిండా తెలుపే ఉంటే కెమెరా దాన్ని మధ్యస్థ బూడిదకి లాగుతుంది. ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగుగా రావాలో చెప్పే సెట్టింగ్) +1 నుంచి +1.7 వరకు పెంచండి. ఫోన్‌లో వస్తువు మీద నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తు పైకి జరపండి.

సమస్య: నీడ కత్తితో కోసినట్టుంది.

వెలుగు వచ్చే చోటు వస్తువుతో పోలిస్తే చిన్నది. మధ్యలో ట్రేసింగ్ పేపరో పల్చటి తెల్ల గుడ్డో కట్టి, దాన్ని ఫ్రేములోకి రానంత వరకు వస్తువుకి దగ్గరగా తెండి. వేడెక్కే బల్బుకి కాగితం తగలనివ్వకండి.

సమస్య: ఫొటోలో అడ్డ చారలు.

బల్బు మినుకు అది. కరెంటు 50 హెర్ట్జ్ అయితే షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను, 60 హెర్ట్జ్ అయితే 1/60 లేదా 1/120. పోకపోతే బల్బు మార్చండి.

ఇక సెన్సర్ పాడైందేమో, లెన్స్‌లో లోపముందేమో అన్న అనుమానం చివరికి ఉంచుకోండి. ఆరుబయట తీసిన ఫొటోలోనూ అదే చోట అదే తేడా కనిపిస్తే తప్ప కెమెరాని రిపేరుకి ఇవ్వకండి.